ఆముదాల గీత

దేవమ్మకు పగటి కునుకు పట్టిందంటే చాలు, కింది నుంచి నీళ్లు వస్తాయి. తొందరేమీ ఉండదు వాటికి. ముందు చాప అంచు తడుస్తుంది, తర్వాత చీర కుచ్చిళ్లు, ఆ తర్వాత చాపే లేచి తేలుతుంది. చాప మీద దేవమ్మ అట్లాగే పడుకుని గడప దాటి, గల్లీ దాటి, కొత్త ప్లాట్ల హద్దురాళ్ల మీదుగా మొగిలి చెరువు దాకా పోతుంది. అక్కడ అలుగు గోడ మీద మొగుడు నాగన్న నిలబడి ఉంటాడు. పంచె మోకాళ్ల పైకి ఎగగట్టుకుని, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆమె కోసమే చూస్తుంటాడు.

"వచ్చినవా? ఆముదాలు తెచ్చినవా?" అంటాడు.

ఒడి చూసుకుంటే ఖాళీ. అక్కడితో మెలకువ వచ్చేస్తుంది. లేచి చూస్తే చాప పొడిగానే ఉంటుంది, బయట ఎండ ఫెళ్లున కాస్తుంటుంది. నాగన్న పోయి తొమ్మిదేళ్లు. తొమ్మిదేళ్లుగా ఇదే కల, ఇదే ప్రశ్న. చచ్చిన మనిషికి వేరే పని లేదు కాబోలు!

నాగన్నది నీరటి వంశం. నీరటి అంటే చెరువు మనిషి. తూము తెరిచేదీ మూసేదీ అతనే, కట్టకు ఎలుక బొరియ పడినా ముందు కనిపెట్టేదీ అతనే. వనపర్తి ఊరు కాళ్లు చాపుకుంటూ చాపుకుంటూ మొగిలి చెరువు దాకా రాకముందు, ఆ చెరువు కింద అంతా వరి మడులే. నీళ్లు పంచినందుకు నాగన్న తాతకు అలుగు వాగు పక్కన కొంత మాన్యం ఇచ్చారు. కాలం ఆ మాన్యాన్ని కొరుక్కుతినగా చివరికి మూడు గుంటలు మిగిలింది.

ఆ ఇంటివాళ్లకు ఇంకో పని కూడా ఉండేది. ఎవరూ చెప్పలేదు, జీతం లేదు, కానీ అది తప్పితే నీరటి ఇల్లు నీరటి ఇల్లు కాదనుకునేవాళ్లు. పెద్దవాన పడి చెరువు నిండి, అలుగు దుంకిన మర్నాడు పొద్దున, వాగు నీళ్లు ఎక్కడిదాకా ఎక్కాయో ఆ అంచు పట్టుకుని నడవాలి. మొగుడు ముందు, ఒడి నిండా ఆముదాలతో పెళ్లాం వెనక. అడుగుకొక గింజ. నీళ్లు తీశాక ఆ తడికే ఆముదం మొలుస్తుంది. మేక మూతి పెట్టదు, గొడ్డు ముట్టదు. ఎండిపోయిన చోట ప్రతి మృగశిర కార్తెకూ మళ్లీ విత్తాలి. ఎప్పుడైనా అంతకన్నా పెద్ద వరద వస్తే గీత పైకి జరుగుతుంది. కిందికి మాత్రం ఎన్నడూ జరగదు. ఆ గీతకు కింద వడ్లు వేసుకోవచ్చు, బర్రెలు కట్టేసుకోవచ్చు, పిల్లలు ఆడుకోవచ్చు. పొయ్యి మాత్రం పెట్టకూడదు. ఇదీ కట్టడి. మూడు తరాలుగా చిన్నా పెద్దా అందరూ పాటించారు.

ఎందుకు పాటించారంటే, నాగన్న ఇంటి గీత అబద్ధం చెప్పదని వాళ్ల నమ్మకం.

దేవమ్మకు ఆ నమ్మకం తలుచుకుంటేనే అన్నం సహించదు. ఆ సంగతి తర్వాత.

ఈ ఏడు వైశాఖంలో మున్సిపాలిటీ నుంచి ఒకమ్మాయి వచ్చింది. పేరు సరిత. గద్వాల వైపు పిల్ల. ఊరు ఇంకెటు పెరగాలి, ఎక్కడ ఇళ్లు కట్టనివ్వాలి, ఎక్కడ కట్టనివ్వకూడదు అని పటం గీసే ఉద్యోగం. సెల్‌ఫోన్‌లో ఆకాశం మీది నుంచి తీసిన ఫోటో చూపించింది. ఎండాకాలపు ఫోటో. నేలంతా రొట్టె మాడినట్టు ఉంది. అందులో వాగుకు ఇటొకటి అటొకటి, సన్నగా రెండు పచ్చటి దారాలు.

"అవ్వా, ఇదేంది? ఎవర్నడిగినా దేవమ్మనడుగు అంటున్నరు."

దేవమ్మ ఫోను కళ్ల దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది. తను జీవితమంతా వంగి వంగి విత్తిన గీత అది. పక్షికి ఇట్లా కనిపిస్తుందన్నమాట! ఆ పచ్చదారం పట్టుకుని ఎక్కడికో ఎగిరిపోవచ్చనిపించింది. ఫోను తిరిగిచ్చి, ఆముదాల సంగతంతా చెప్పింది. అలుగు, ఒడి, అడుగుకో గింజ, పొయ్యి పెట్టకూడదన్న మాట, అన్నీ.

సరిత వింటూ వింటూ నేల మీదే కూర్చుండిపోయింది.

"నా చిన్నప్పుడు మా ఇంట్లకు నది నీళ్లొచ్చినయ్ అవ్వా. బీచుపల్లి తాన మా మామోళ్ల మిద్దె మీద రెండు దినాలు కూసున్నం. కింద మా దూడ ఒర్రుతుంటె ఇనుకుంట కూసున్నం. మాకు గిట్లాంటి గీత ఎవరన్న గీసి ఉంటె..." అని ఆగింది. "నేను ఈ గీతనే పటంల ఎక్కిస్త. దీని కింద ఒక్క ఇల్లు లేవనియ్య. నీళ్లకు జాగ ఇడిచిపెట్టాలె గదా. కూరగాయలు పెట్టుకుంటరు, ఆడుకుంటరు, వానొస్తె నీళ్లొచ్చి పండుకుంటయ్."

నీళ్లొచ్చి పడుకుంటాయన్న మాట దేవమ్మకు ఎంత నచ్చిందో! మొగుడు గీసిన గీత సర్కారు కాగితం మీదికి ఎక్కుతోంది. పలక పట్టని మనిషి గీత! ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

"మరి గీతకు పైన?" అని అడిగింది.

"పైన పక్కా జాగ గదా. రోడ్డొస్తది. గీ మూల సర్కారు జాగల అంగన్‌వాడీ కడ్తం." సరిత పటం మీద వేలు పెట్టింది. "గీ కొత్త ఇంటి పక్కకే. దర్వాజ ఎత్తిన్రు సూడు, గా ఇంటి పక్కకు."

ఆ దర్వాజా దేవమ్మ కూతురు యమునది.

దేవమ్మ కళ్లలో నీళ్లు అక్కడే ఆగిపోయాయి.

యమున, అల్లుడు లక్ష్మణ్ ఆరేళ్లు పుణేలో ఇతరుల మేడలకు ఇటుకలు మోశారు. ఎన్నో అంతస్తుల పైన నిలబడి, కింద చీమల్లా తిరిగే మనుషుల్ని చూస్తూ, మనకూ ఒక ఇల్లుండాలె అనుకున్నారట. తిరిగొచ్చి నాయన మాన్యంలో పునాది తవ్వారు. గోడలు దర్వాజా ఎత్తు దాకా లేచాయి. ప్రస్తుతం లక్ష్మణ్ ధరూర్ వైపు నుంచి తెచ్చుకున్న పాత ఆటో తోలుతున్నాడు, ముగ్గురూ ఒకే కిరాయి గదిలో సర్దుకుంటున్నారు. రోజూ పొద్దున్నే యమున పోయి గోడలకు నీళ్లు కొట్టి వస్తుంది. వచ్చి, ఏ మూల పొయ్యి, ఏ మూల మంచం, కిటికీలోంచి ఏం కనబడుతుంది అని చెబుతుంది. ఆ కిటికీ ఇంకా పెట్టనే లేదు. అయినా అందులోంచి ఆమెకు చెరువు కట్ట మీది కొంగలు కూడా కనిపిస్తాయి.

పునాది ఆముదాల గీతకు పైనే ఉంది. చూసినవాళ్లెవరికైనా పైనే ఉంది.

పద్దెనిమిదేళ్ల కింద ఒక వాన పడింది. అప్పటి నుంచి ఈ వైశాఖం దాకా అట్లాంటి వాన మళ్లీ ఎవరూ చూడలేదు. మర్నాడు పొద్దున ఆకాశం కడిగిన పళ్లెంలా మెరుస్తోంది. నాగన్న ముందు నడుస్తున్నాడు, దేవమ్మ ఒడితో వెనక నడుస్తోంది. ఏడేళ్ల యమున తల్లి కొంగు పట్టుకుని నీళ్లలో కాళ్లు తపతపలాడిస్తోంది. నడుచుకుంటూ నడుచుకుంటూ వాళ్ల సొంత మాన్యం దగ్గరికి వచ్చారు. నీళ్లు మాన్యం సగం మింగి కూర్చున్నాయి. నాగన్న ఆగాడు. నీళ్లను చూశాడు, బిడ్డను చూశాడు. తర్వాత పక్కకు తిరిగి నీళ్లలోకి దిగాడు. మోకాళ్లలోతు నీళ్లలో, మాన్యం కింది గట్టు వెంబడి నడిచాడు.

"ఏమయ్యో, అంచు గిటుంది!" అంది దేవమ్మ.

"పన్నెండు అడుగులే గదనే," అన్నాడు నాగన్న, ఆమె కళ్లలోకి చూడకుండా. "రేపు పిల్ల ఇల్లు కట్టుకోవాలె. మనకున్నదే గింత. ఎయ్యి, ఇత్తు ఎయ్యి."

ఆమె వేసింది. నీళ్లలో పడిన గింజలు బుడుంగున మునిగాయి. మాన్యమూ, దాని పక్క సర్కారు జాగా దాటాక నాగన్న మళ్లీ అసలు అంచు మీదికి వచ్చి, ఏమీ ఎరగనట్టు నడిచాడు. అంత వరదలోనూ అతని చెవులు ఎర్రబడటం దేవమ్మకు కనిపించింది. ఇంటికొచ్చాక ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. ఆ ఏడే కాదు, అతను పోయేదాకా ఎత్తలేదు. అతను పోయాక ప్రతి మృగశిరకూ దేవమ్మే ఒంటరిగా విత్తుతూ వచ్చింది. ఆ వంకర దగ్గర కూడా వంకరగానే విత్తింది. సరిత ఫోటోలో కూడా ఉంది ఆ వంకర. దారం ఒకచోట వదులై కిందికి జారినట్టుంది, అంతే. ఎవరికి అనుమానం వస్తుంది?

మూడు రోజులు దేవమ్మ నోరు విప్పలేదు. ఏం విప్పుతుంది? విప్పితే బిడ్డ ఇల్లు పోతుంది. విప్పకపోతే ఆ పటం మీద, ఆ మూలకు, ముప్పై మంది పసిపిల్లలు వచ్చి కూర్చుంటారు.

మూడో రోజు మధ్యాహ్నం చాప మళ్లీ తేలింది. ఈసారి చాప చుట్టూ చిన్న చిన్న చెప్పులు తేలుతూ వచ్చాయి. ఎర్రవి, నీలివి, బొమ్మలు అంటించినవి. ఒక్కదానికీ జత లేదు. అలుగు మీద నాగన్న ఉన్నాడు కానీ అటు తిరిగి నిలబడ్డాడు. "ఏమయ్యా, జర గిటు తిరుగు," అని ఎంత పిలిచినా తిరగలేదు. ఆముదాల సంగతి కూడా అడగలేదు. దేవమ్మ ఏడుస్తూ లేచింది. పొడి చాప మీద కూర్చుని, వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడు పొద్దున సరిత ఇద్దరు మనుషుల్నీ ఒక కట్ట ఎర్రజెండాల్నీ వెంటబెట్టుకుని వచ్చింది. "నువ్వు ముంగట నడువు అవ్వా, నీ ఎనక మేం జెండాలు పాతుకుంట వస్తం," అంది. దేవమ్మ ఒడి నిండా ఆముదాలు పోసుకుంది. ఇంకా మృగశిర రాలేదు కదా అని ఎవరో అన్నారు. ఆమె ఒడి ముడి బిగించుకుని ముందు నడిచింది.

అలుగు దగ్గర మొదలుపెట్టారు. పొద్దుటి ఎండ మెత్తగా ఉంది. ఆముదపాకులు పెద్ద పెద్ద అరచేతుల్లా ఊగుతున్నాయి. నడుస్తుంటే దేవమ్మకు తన ముందు ఇంకెవరో నడుస్తున్నట్టే ఉంది, మోకాళ్ల పైకి ఎగగట్టిన పంచె కనిపిస్తున్నట్టే ఉంది. అట్లా నడుచుకుంటూ మాన్యం దాకా వచ్చారు. అక్కడ యమున పైపు పట్టుకుని గోడలకు నీళ్లు కొడుతోంది. తల్లిని చూసి నవ్వింది.

గీత కిందికి వంగిన చోట దేవమ్మ ఆగింది. కిందికి పోలేదు. తిన్నగా ముందుకు నడిచింది. గట్టు ఎక్కి, పసుపు బొట్లు పెట్టిన దర్వాజాలోంచి లోపలికి పోయి, ముందు గది దాటి, యమున పొయ్యి పెట్టుకుంటానన్న మూలకు వచ్చి ఆగింది. అడుగుకొక గింజ వేస్తూనే వచ్చింది.

"అమ్మా, గదేంది? ఇంట్ల ఎందుకు ఇత్తుతున్నవ్? గీత బయట ఉంది గదా!"

"బయట కాదు బిడ్డా. గీత ఇది."

జెండాల వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సరిత మాత్రం కదలకుండా వింది. దేవమ్మ చెప్పేసింది. పద్దెనిమిదేళ్ల మాట పది ముక్కల్లో అయిపోయింది. పైపు యమున చేతిలోంచి జారి, గది మధ్యలో పాములా మెలికలు తిరుగుతూ అందరినీ తడిపింది.

"పునాది తవ్విననాడన్న చెప్పకపోతివి!" యమున అరిచింది. "మెడలు ఇరిగేటట్టు ఇటుకలు మోసినమే! నువ్వు పక్కకు కూసోని సూసినవ్, సూసుకుంట కూసున్నవ్!"

"సూసిన. మీ నాయిన పేరు పోతదని చెప్పలె. నీకు ఇల్లు కావాలెనని చెప్పలె. భయపడ్డ బిడ్డా. మస్తు భయపడ్డ."

"నాయిన నా కోసం చేసిండు. నువ్వు ఎవరి కోసం చెప్తున్నవ్? ఎవరి పిల్లల కోసం?"

సరిత మెల్లగా, జెండా యమున వంటగదిలోనే పాతించింది. అంగన్‌వాడీ గుర్తును పక్క జాగాలోంచి పీకించి, పైన మొరం దిబ్బ మీదికి మార్పించింది. పోతూ పోతూ యమునతో అంది: "వేరే జాగ కోసం రాస్త అక్కా. ఇస్తరని మాటియ్యలేను. రాసుడైతె రాస్త, ఎంటపడత." యమున ఆమె వైపు చూడలేదు.

ఆ రోజు నుంచి యమున తల్లితో మాట్లాడటం మానేసింది. ఒకే గది, ఒకే కుండ, మాట లేదు. "అమ్మకు అన్నం పెట్టు" అని లక్ష్మణ్‌కు చెబుతుంది, దేవమ్మ పక్కనే కూర్చుని ఉంటుంది. పాపం, లక్ష్మణ్ మెత్తటి మనిషి. ఇద్దరి మధ్యా రాయబారాలు మోసి మోసి ఆటో తోలడమే నయమనుకునేవాడు.

తొలకరికి వంటగదిలో ఆముదాలు మొలిచాయి. యమున పీకేసింది. దేవమ్మ పోయి మళ్లీ విత్తింది. యమున మళ్లీ పీకింది. ఇట్లా మూడుసార్లు. తల్లీకూతుళ్ల పంతం చూసి చుట్టుపక్కలవాళ్లు నవ్వుకున్నారు. ఒకే రక్తం, ఒకే మొండితనం. మూడోసారి మాత్రం గోడ మూలన ఒక మొక్క యమున చేతికి దొరకకుండా మిగిలింది. చూడక వదిలేసిందో, చూసి వదిలేసిందో తెలియదు.

ఇప్పుడు చెరువు మునుపటిలా ఎండాకాలానికి ఎండిపోవడం లేదు. కాలువ నీళ్లు వచ్చి ముందే నిండుగా ఉంటోంది. భాద్రపదంలో వాన మొదలైంది. ఒక పగలు, ఒక రాత్రి, మళ్లీ ఒక పగలు. నిండిన చెరువు ఎక్కడ దాచుకుంటుంది? రెండో రోజు పొద్దున అలుగు దుంకింది. ఊళ్లో కొత్త సీసీ రోడ్ల మీది నీళ్లన్నీ కూడా వాగులోకే ఉరికాయి. మధ్యాహ్నానికి వాగు పక్క జనం పిల్లాపాపల్ని తీసుకుని మొరం దిబ్బ ఎక్కారు. దేవమ్మ, యమున, లక్ష్మణ్ కూడా ఎక్కారు. అంగన్‌వాడీ కోసం కొత్తగా పాతిన రాళ్ల మధ్యే పిల్లలు వరుసగా కూర్చున్నారు. ఎవరో పెట్టిన ఉడకబెట్టిన గుడ్లు తింటూ నీళ్లను చూస్తున్నారు.

నీళ్లు మెల్లగానే వచ్చాయి. దేవమ్మ కలలో వచ్చినట్టే, తొందర లేకుండా. కింది గట్టు దగ్గరి ఆముదాల తలలు ముందు మునిగాయి. తర్వాత అంగన్‌వాడీ కడతామన్న పాత జాగా మునిగింది. అక్కడ నడుములోతు నిలిచాయి. తర్వాత దర్వాజాలోంచి, పిలిచిన చుట్టంలా యమున ఇంట్లోకి పోయాయి. ముందు గది నిండింది, పొయ్యి మూల నిండింది. అక్కడితో ఆగలేదు. ఇంకో ఏడెనిమిది అడుగులు ఎక్కి, ఇంటి వెనక గోడ అవతల ఆగాయి.

యమున కన్నార్పకుండా చూస్తూ నిలబడింది. ఏడవలేదు. ఆమె పక్కన ఎవరిదో పసివాడు గుడ్డు సొన మూతికి పూసుకుని, ఆమె చీర పట్టుకుని నిలబడ్డాడు. ఆమె అప్రయత్నంగా వాడి మూతి తుడిచింది. తుడుస్తూనే, నీళ్లు నిలిచిన ఆ పాత జాగా వైపు మళ్లీ ఒకసారి చూసింది. ఈసారి చాలాసేపు చూసింది.

మర్నాడు పొద్దున వాన వెలిసింది. ఆకాశం మళ్లీ కడిగిన పళ్లెంలా ఉంది. దిబ్బ మీద దేవమ్మ తెల్లవారుజామునే లేచి కూర్చుని ఉంది. యమున వచ్చి ఎదురుగా నిలబడింది. చీర కుచ్చిళ్లు మోకాళ్ల పైకి ఎగగట్టుకుని ఉంది. మూడు నెలల తర్వాత తల్లితో మొదటి మాట మాట్లాడింది.

"ఆముదాలు తెచ్చినవా?"

దేవమ్మ ఒడి తడుముకుంది. నిన్న గదిలోంచి చాపా, చెంబూ, అన్నం కుండా వదిలేసి ఆమె తెచ్చుకున్నది అదొక్కటే. నిండా ఉన్నాయి.

"తెచ్చిన బిడ్డా."

యమున దోసిలి పట్టింది. దేవమ్మ పోసింది. ఇద్దరూ దిబ్బ దిగారు, బిడ్డ ముందు, తల్లి వెనక. నీటి అంచు ఎండలో దారంలా మెరుస్తోంది. అడుగుకొక గింజ వేసుకుంటూ యమున నడిచింది. "ఎన్నడుగులకొకటి?" అనిగానీ, "ఎంత దూరం?" అనిగానీ అడగలేదు. చిన్నప్పుడు కొంగు పట్టుకుని నడిచిన దారే కదా, కాళ్లకు గుర్తుంది.

మాన్యం వచ్చింది. సగం మునిగిన గోడలు, నీళ్లలో నిలబడ్డ దర్వాజా, దాని మీద ఇంకా చెరగని పసుపు. అక్కడ యమున ఆగింది. ఇంటి ముందు నుంచి పోతే ఇల్లు గీతకు పైన పడుతుంది. వెనక నుంచి పోతే కింద పడుతుంది. చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు. పద్దెనిమిదేళ్ల కింద కూడా ఎవరూ లేరు.

దేవమ్మ రెండడుగుల వెనక ఆగి, ఒడి పట్టుకుని నిలబడింది.

యమున ఒకసారి ఆ ఇంటిని కళ్లనిండా చూసుకుంది. చెంపలు తుడుచుకుంది. వెనక నుంచే పోయింది.